ఆట యంత్రంలో పుస్తకపఠనం

వీడియో గేమ్ యంత్రాన్ని చేతబట్టుకొని కూర్చున్న విద్యార్థిని చూడగానే పెద్దల ముఖాన చిరాకు కనిపించటం సహజం. ఆ చిరాకులో న్యాయం లేకపోలేదు. ఆటలను సమర్థించటానికి మేమీ వ్యాసానికి పూనుకొనలేదు. అయితే ఆ యంత్రంలో ఒక తెర ఉన్నది. కొంత జ్ఞాపకశక్తి ఉన్నది. వ్రేళ్ళకు అందేటట్లు అమర్చిన మీటలు ఉన్నవి. పుస్తకం చదివించటానికి ఒక యంత్రానికి ఇంతకంటె కావలసినది పెద్దగా లేదు. ఈ సంగతిని తయారీదారులకంటె ఎక్కువగా పట్టించుకొన్నవారు వాటిని కొని ఆడుకొన్న యువకులే.

మన విద్యార్థులలో సొంత కంప్యూటరు లేనివారు అనేకులు. కాని గల్ఫ్ దేశాలనుండి సెలవులకు వచ్చిన మామయ్యో, చిన్నాన్నో తెచ్చియిచ్చిన పాత ఆట యంత్రం ఇంటి అలమరలో పడియుండటం అంత అరుదు కాదు. దానిలో ఇంగ్లీషు పుస్తకం చదువుకొనవచ్చునని వినియున్నాము. మన ప్రశ్న వేరు. ఆ చిన్న తెరమీద తెలుగు చదవగలమా? ఉర్దూ చదవగలమా? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం చెప్పవలెనంటే ముందు ఆ యంత్రం పుస్తకాన్ని ఏ విధంగా చూస్తుందో తెలుసుకొనవలెను.

2004వ సంవత్సరం చివర, కొద్ది వారాల తేడాతో రెండు యంత్రాలు బయటకు వచ్చినవి. మొదటిది నింటెండో సంస్థవారి డి.ఎస్. దీనికి పలకవలె మడిచే మూత ఉంటుంది. తెరిస్తే పైన ఒక తెర, క్రింద ఒక తెర. ఒక్కొక్క తెర మూడంగుళాలు. అడ్డంగా 256, నిలువుగా 192 చుక్కలు. చుక్క అనగా పిక్సెల్. తెరమీది బొమ్మ అంతా ఈ చుక్కల అల్లికే. రెండవది సోనీ సంస్థవారి ప్లేస్టేషన్ పోర్టబుల్. దీనిని ముద్దుగా పి.ఎస్.పి. అన్నారు. దీనికి తెర ఒక్కటే, కాని పెద్దది, 4.3 అంగుళాలు, అడ్డంగా 480, నిలువుగా 272 చుక్కలు. డి.ఎస్. పదిహేను కోట్లకు పైగా అమ్ముడుపోయినది. ఆడేవారి కొరకు చేసిన ఈ రెండింటినీ చదువరులు తమ దారికి త్రిప్పుకొన్న తీరే మాకు ముచ్చట గొలిపిన విషయం.

బొమ్మల కథలను తీసుకొందాము. అమెరికా కామిక్ పుస్తకపు పుట సుమారు 17 సెంటీమీటర్ల వెడల్పు, 26 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. పి.ఎస్.పి. తెర వెడల్పు తొమ్మిదిన్నర సెంటీమీటర్లు మాత్రమే. పుట వెడల్పును ఆ తెర వెడల్పుకు సరిపెడితే బొమ్మ సగానికి కొంచెం పైగా నిలుస్తుంది. ఎత్తు మాత్రం ఒక తెరలో పట్టదు, మూడు భాగాలుగా జరుపుకొంటూ చూడవలెను. ఇక అక్షరాల మాట. పుటలో మూడు మిల్లీమీటర్ల ఎత్తున్న అక్షరానికి ఆ తెరమీద దక్కేది ఎనిమిది చుక్కల ఎత్తు. ఇంగ్లీషు కామిక్కులలో సంభాషణలన్నీ సాధారణంగా పెద్ద బడి అక్షరాలలోనే వ్రాస్తారు. పెద్ద బడి అక్షరానికి ఎనిమిది చుక్కలు చాలు. కనుకనే ఆ యంత్రంమీద ఆ పుస్తకాలు చదవటం సాధ్యమైనది.

అదే లెక్క తెలుగుకు వర్తింపజేసి చూడండి. మన అక్షరం ఒక అంతస్తు ఇల్లు కాదు. పైన తలకట్టో, గుడియో, నడుమ అసలు అక్షరం, క్రింద ఒత్తు, ఒక్కొక్కప్పుడు ఒత్తు క్రింద మరొక ఒత్తు. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరంలో ఈ అంతస్తులన్నీ ఉన్నవి. ఎనిమిది చుక్కల ఎత్తును ఈ అంతస్తులన్నింటికీ పంచితే ఎవరి వాటాకు ఏమి వస్తుంది? 'ద'కు 'ధ'కు, 'బ'కు 'భ'కు ఉన్న తేడా ఒక చిన్న గీత. ఆ గీత ఒక చుక్కలో సగం అయినప్పుడు యంత్రం దానిని మ్రింగివేస్తుంది. ఉర్దూ పరిస్థితి ఇంకా సున్నితం. బే, పే, తే, సే అన్న నాలుగు అక్షరాలకు దేహం ఒక్కటే. నుక్తాల సంఖ్య, స్థానం మాత్రమే వేరు. పైనున్న నుక్తా క్రిందికి జారితే 'ఖుదా' కాస్తా 'జుదా' అవుతుంది. మన రెండు లిపులను చదవటానికి ఇంగ్లీషుకంటె రెండింతలైనా చుక్కలు కావలెనని మా అంచనా. అంటే పుటను రెండింతలు పెద్దదిచేసి, మూడు భాగాలకు బదులు పదీ పన్నెండు భాగాలుగా జరుపుకొంటూ చదవవలెను. ఓపికగలవాడు చదువుతాడు, రసం మాత్రం ఇంకిపోతుంది.

చుక్కల కొరత ఒకటి కాగా, జ్ఞాపకశక్తి కొరత మరొకటి. ఫొటో తీసిన ఒక పుట అడ్డంగా 1,600, నిలువుగా 2,400 చుక్కలు ఉన్నదనుకొందాము. ఫైలుగా మడిచి దాచినప్పుడు అది అర మెగాబైటో, ముప్పాతికో ఉంటుంది. కాని తెరమీద చూపటానికి మడత విప్పినప్పుడు చుక్క ఒక్కింటికి మూడు బైట్ల చొప్పున 1 కోటి 15 లక్షల బైట్లు అవుతుంది. పి.ఎస్.పి. మొదటి నమూనాకు ఉన్న జ్ఞాపకశక్తి మొత్తం 32 మెగాబైట్లు. దానిలో కొంత యంత్రం సొంతానికే సరిపోతుంది. డి.ఎస్. కైతే ఉన్నది 4 మెగాబైట్లే. చీరను మడత పెట్టినప్పుడు చేతిసంచిలో పడుతుంది; విప్పి ఆరవేయటానికి పెరడు కావలెను. డి.ఎస్.లో ఆ పెరడు లేదు. అందువలన ఔత్సాహికులు ఏమి చేసినారంటే, ముందుగానే కంప్యూటరుమీద పుటలను చిన్నవిచేసి, డి.ఎస్.కు అనువైన రూపంలోనికి మార్చి ఎక్కించినారు. ఒక తెరమీద పుట మొత్తం చిన్న పటంగా కనిపిస్తుంది. దానిమీద ఎక్కడ తాకితే ఆ చోటు రెండవ తెరమీద పెద్దదై ప్రత్యక్షమవుతుంది. రెండు తెరలు ఉండటమే ఇక్కడ వరమైనది. పి.ఎస్.పి. కొరకు 2005లోనే బుకర్ అనే ఉచిత ప్రోగ్రాం వచ్చినది. అది పి.డి.ఎఫ్. పుస్తకాలను తెరిచేది, యంత్రాన్ని నిలువుగా పట్టుకొని చదువుకొనటానికి పుటను త్రిప్పి చూపేది.

తయారీదారులు ఊరకొనలేదు. 2008 డిసెంబరులో నింటెండోవారు హార్పర్ కాలిన్స్ ప్రచురణ సంస్థతో కలిసి బ్రిటన్‌లో నూరు ప్రసిద్ధ గ్రంథాలను ఒకే చిన్న బిళ్ళలో పెట్టి అమ్మినారు. షేక్స్పియర్, డికెన్స్, జేన్ ఆస్టెన్ అందరూ తపాలా బిళ్ళంత చోటులో ఇమిడినారు. యంత్రాన్ని పక్కకు త్రిప్పి పట్టుకొంటే రెండు తెరలు ఎదురెదురు పుటలవలె, నిజమైన పుస్తకంవలె ఉంటవి. వ్రేలితో జరిపితే పుట తిరుగుతుంది. అప్పుడు ఒక్కొక్క పుట వెడల్పు 192 చుక్కలు. ఆరు చుక్కల వెడల్పున్న ఇంగ్లీషు అక్షరాలు పంక్తికి 32 పడతవి. చదవటానికి అది సౌఖ్యంగానే ఉంటుంది. అటువంటి నూరు గ్రంథాల బిళ్ళ తెలుగులో వచ్చియుంటే పంక్తికి రెండు మూడు మాటలకంటె పట్టేవి కావు. మన సమాసాలకు అసలే పొడవెక్కువ.

సోనీవారు 2009 డిసెంబరులో పి.ఎస్.పి. కొరకు ప్రత్యేకంగా కామిక్కుల అంగడి తెరిచినారు. మార్వెల్ మొదలైన ప్రచురణకర్తల పుస్తకాలు అందులో దొరికేవి. పుట మొత్తాన్ని కాక, కథ నడిచే వరుసలో గడి తరువాత గడిని తెరనిండుగా చూపే ఏర్పాటు దానిలో ఉండేది. చిన్న తెరకు తగిన ఉపాయమే. అయితే గడుల అమరికలోని సొగసును చిత్రకారుడు పుట మొత్తానికి ఉద్దేశించి గీస్తాడు. ఆ సొగసు ఈ పద్ధతిలో చెదిరిపోతుంది. ఎట్లైనా ఆ అంగడి ఎక్కువకాలం నిలువలేదు, 2012లో మూతపడినది.

ఇక్కడ విద్యార్థులు ఒక విషయాన్ని గమనించవలెను. నూరు గ్రంథాల బిళ్ళ ఎవరి చేతిలో ఉన్నదో వారు ఈనాటికీ దానిని డి.ఎస్.లో పెట్టి చదువుకొనవచ్చును. ఆ బిళ్ళతోపాటు మరి పది పుస్తకాలను తంతిలేని సంపర్కం ద్వారా దింపుకొనే సౌకర్యం ఇచ్చినారు. 2014 మే నెలలో నింటెండోవారు ఆ సేవను ఆపివేసినారు. నూరు మిగిలినవి, ఆ పది కొత్తగా దొరకవు. ఆట యంత్రాలకే కాదు, ఇది అన్నిటికీ ఉన్న తెగులు. మైక్రోసాఫ్ట్ సంస్థ తన ఇ-పుస్తకాల అంగడిని 2019లో మూసినప్పుడు కొన్నవారికి సొమ్ము తిరిగి ఇచ్చినది. పుస్తకాలు మాత్రం వారి యంత్రాలనుండి మాయమైనవి. పుస్తకాన్ని కొన్నామా, చదువుకొనే అనుమతిని కొన్నామా అన్న భేదం బీరువాలో పుస్తకమున్న పాఠకునికి ఎన్నడూ తెలిసిరాలేదు.

ఇంతవరకు చుక్కల సంగతి చెప్పినాము. ఇప్పుడు అక్షరాల సంగతి. ఇ-పుస్తకాలు రెండు జాతులు. ఒక జాతిలో పుట అంతా ఒక ఫొటో. రెండవ జాతిలో అక్షరాలు అక్షరాలుగానే ఉంటవి. తెర వెడల్పును బట్టి పంక్తులు తమంత తాము సర్దుకొంటవి. చిన్న తెరకు రెండవదే మేలని ఎవరైనా చెప్పగలరు. ఇంగ్లీషుకు అది నిజం కూడ. మనకో? 'స్త్రీ' అన్న అక్షరాన్ని యూనికోడ్ పద్ధతిలో దాచినప్పుడు అది ఒక అక్షరం కాదు. స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి అని ఆరు సంకేతాలు. సాధారణమైన పద్ధతిలో పద్ధెనిమిది బైట్లు. ఈ ఆరింటిని చేర్చి, త కారాన్ని ర కారాన్ని ఒత్తులుగా మార్చి, గుడిని స మీద నిలిపే పనిని ఒక ప్రత్యేకమైన ప్రోగ్రాం చేయవలెను. అచ్చుకూటంలో కంపోజిటరు చేసిన పని అదే. ఔత్సాహికులు ఆ పాత ఆట యంత్రాలకు వ్రాసిన పుస్తక ప్రోగ్రాములు ఇంగ్లీషును, యూరప్ భాషలను తలచుకొని వ్రాసినవి. వాటిలో ఈ కంపోజిటరు లేడు. తెలుగు ఫైలు తెరిస్తే ఖాళీ గడులో, విడివిడిగా చెల్లాచెదురైన పొల్లులో కనిపించటానికి కారణమిదే.

ఉర్దూకు ఇంకొక మెట్టు ఎక్కవలెను. పంక్తి కుడినుండి నడవవలెను. అక్షరం మాట మొదట ఒక రూపు, నడుమ ఒక రూపు, చివర ఒక రూపు దాల్చుతుంది. నస్తాలీఖ్ లిపిలో మాట కుడినుండి ఎడమకు ఏటవాలుగా దిగుతుంది. ఒక అక్షరం ఎంత ఎత్తున ఉండవలెనో దాని తరువాతి అక్షరాలు నిర్ణయిస్తవి. అందుచేతనే ఉర్దూ పత్రికలు, గ్రంథాలు చాలాకాలం సీసపు అచ్చులను కాదని కాతిబు చేతివ్రాతనే నమ్ముకొన్నవి. పాకిస్తాన్‌లో మీర్జా అహ్మద్ జమీల్ నూరీ నస్తాలీఖ్‌ను కంప్యూటరుకు సిద్ధం చేసినది 1981లో. అందుకై ఆయన వేలకొలది అక్షరకూటాలను ఒక్కొక్కటిగా చేతితో వ్రాయవలసివచ్చినది.

దీని ఫలితమేమంటే, ఉర్దూ గ్రంథసంపదలో చాలాభాగం కాతిబు చేతివ్రాతగా ఉన్నది. దానిని యంత్రంలోనికి ఎక్కించటమంటే ఫొటో తీయటమే. మన పాత తెలుగు గ్రంథాలు కూడ ఇప్పుడు ఎక్కువగా ఫొటోలుగానే లభిస్తున్నవి. అనగా మనకు కావలసినది ఇ-పుస్తకాల ప్రోగ్రాం కాదు, కామిక్కుల ప్రోగ్రాం! ఈ మాట విచిత్రంగా తోచవచ్చును. కామిక్కుల ప్రోగ్రాముకు అక్షరజ్ఞానం లేదు. దానికి తెలిసినది బొమ్మలను వరుసగా చూపటం, అంచులు కత్తిరించటం, పెద్దది చేయటం, పుటలో ఎక్కడ ఆగినామో గుర్తుంచుకొనటం. లిపి తెలియనిదానికి లిపి విషయంలో పొరపాటు పడే అవకాశం లేదు. నస్తాలీఖ్ ఎంత వంపు తిరిగినా అది ఉన్నదున్నట్లు చూపుతుంది.

మరొక అనుకూల్యం జపాన్ దేశంనుండి వచ్చినది. అక్కడి బొమ్మల కథలను మంగా అంటారు. అవి కుడినుండి ఎడమకు నడుస్తవి. మంగా పాఠకుల కొరకు కామిక్కుల ప్రోగ్రాములలో పుటల దిశను తలక్రిందులు చేసే ఏర్పాటు సర్వసాధారణం. దానిని ఒకసారి మార్చితే పుటలు కుడినుండి తిరుగుతవి. టోక్యో కుర్రవాని కొరకు చేసిన మీట హైదరాబాదు ఉర్దూ విద్యార్థికి అచ్చంగా సరిపోయినది. మన భాషల కొరకు ఎవరో చేయవలసిన సదుపాయం మరెవరి కొరకో చేసినప్పుడు మనకు దొరకటం ఇది మొదటిసారి కాదనుకోండి.

కాలక్రమంలో తెరలు పెరిగినవి. 2017లో వచ్చిన నింటెండో స్విచ్‌కు 6.2 అంగుళాల తెర ఉన్నది. కాని ఆ సంస్థ అనుమతించిన ప్రోగ్రాములే అందులో నడుస్తవి కనుక మన సొంత ఫైలు చదువుకొనటానికి అది పెద్దగా కొరగాదు. 2022 ఫిబ్రవరిలో అమెరికాలోని వాల్వ్ సంస్థవారు విడుదల చేసిన స్టీమ్ డెక్ సంగతి వేరు. దాని లోపల ఉన్నది లినక్స్. ఆట తెరనుండి కంప్యూటరు తెరకు మారవచ్చును. అక్కడ వై.ఎ.సి. రీడర్ వంటి కామిక్కుల ప్రోగ్రాం, కో-రీడర్ వంటి పుస్తక ప్రోగ్రాం ఉచితంగా వేసుకొనవచ్చును. లినక్స్‌కు తెలుగు ఒత్తులను, ఉర్దూ కలయికలను కూర్చే కంపోజిటరు ఎప్పుడో వచ్చి చేరినాడు. తెర ఏడంగుళాలు, 1,280 చుక్కలు అడ్డం, 800 నిలువు. కొలిస్తే పదిహేను సెంటీమీటర్ల వెడల్పు వస్తుంది. మామూలు గ్రంథపు పుటలో అంచులు తీసివేస్తే అక్షరాలున్న భాగం పదీ పదకొండు సెంటీమీటర్లకు మించదు. కనుక పుటను అడ్డంగా తెరనిండుగా పెడితే అక్షరం కాగితంమీదకంటె పెద్దదిగానే కనిపిస్తుంది; పుటను మూడు దించులలో చదువవచ్చును. తెలుగు ఒత్తులు, ఉర్దూ నుక్తాలు రెండూ చక్కగా కంటికి ఆనతవి.

అయినా అది బరువైన వస్తువు. మొదటి నమూనా 669 గ్రాములు తూగుతుంది. పడుకొని చదివే అలవాటున్నవారికి మణికట్టు గుర్తుచేస్తుంది. తెర వెనుకనుండి వెలిగే దీపం కాగితంవలె కన్నులకు చల్లగా ఉండదు, ఎండలో వెలవెలబోతుంది. పుస్తకాలకొరకే చేసిన సిరా తెర యంత్రాలు ఈ రెండు విషయాలలోను మేలు, ఒకసారి ఛార్జి చేస్తే వారాల తరబడి నడుస్తవి. ఆట యంత్రానికి అది గంటల లెక్కే. మరి చేతిలో ఫోను ఉండగా దీనితో పనియేమని అడుగవచ్చును. ఫోనులో పుటను జరపవలెనంటే వ్రేలు పుటమీదనే పెట్టవలెను. ఆట యంత్రంలో వ్రేళ్ళు అంచులలో ఉండి, బొటనవ్రేలి క్రింది పుల్లతో పుటను జరుపుతవి, చూపుడువ్రేలి మీటతో త్రిప్పుతవి. ఫొటో పుటలను చదివేవారికి ఇది చిన్న తేడా కాదు. పాత యంత్రంలో ఇంకొక గుణమున్నది: చదువుతుండగా ఎవరూ పిలువరు. వాట్సాప్ గంట మ్రోగదు.

చట్టం సంగతి దాటవేయరాదు. ఆట యంత్రాలలోని తాళాలను తెరవటం అనగానే దొంగ ఆటలు, దొంగ పుస్తకాలు గుర్తుకు వస్తవి. అవి మన చర్చలో లేవు. మన దేశపు చట్టప్రకారం రచయిత మరణించిన తరువాత అరవై సంవత్సరాలు గడిస్తే ఆయన జీవితకాలంలో వెలువడిన రచనపై హక్కులు తీరిపోతవి. గురజాడ 1915లో, కందుకూరి 1919లో, ప్రేమ్‌చంద్ 1936లో, ఇక్బాల్ 1938లో కన్నుమూసినారు. వీరి రచనలను ఎవరైనా ఫొటో తీసుకొని చదువుకొనవచ్చును. అయితే తరువాతివారు వ్రాసిన పీఠికలు, వ్యాఖ్యలు, అనువాదాలు ఆ లెక్కలోనికి రావు. చందమామ పాత సంచికలను చూసి మురియని తెలుగువాడు ఉండడు. కాని 1947లో మొదలైన ఆ పత్రికలోని ప్రతి బొమ్మకు, ప్రతి కథకు ఒక కర్త ఉన్నాడు, వారిలో అనేకుల హక్కులు ఇంకా తీరలేదు.

ఇక మన కళాశాల గ్రంథాలయానికి సంబంధించిన ఒక మాట. బీరువాలలో ఉన్న పాత వార్షిక సంచికలను ఫొటోలుగా భద్రపరచవలెనని కమిటీ పెద్దలు ఎన్నడైనా తలచినట్లయితే, అందుకు పెద్ద ఖర్చుగాని, ప్రత్యేకమైన యంత్రంగాని అక్కరలేదు. అంగుళానికి 300 చుక్కల చొప్పున స్కానింగు చేస్తే మన రెండు లిపులకు సరిపోతుంది. వచ్చిన పుటలన్నింటిని ఒక జిప్ ఫైలులో పెట్టి, దాని పేరు చివర జిప్ అన్నచోట సి.బి.జెడ్. అని మార్చితే చాలు, ఏ కామిక్కుల ప్రోగ్రామైనా దానిని పుస్తకంగా తెరుస్తుంది. పుటలకు పేర్లు పెట్టేటప్పుడు మాత్రం 001, 002 అని మూడంకెలలోనే పెట్టవలెను. 1, 2 అని పెడితే కొన్ని ప్రోగ్రాములు అక్షరక్రమం పాటించి 1 తరువాత 10ని, 11ని చూపి, 2ను ఎక్కడో వెనుకకు నెట్టుతవి. వ్యాసం మధ్యలో మరొక వ్యాసం దూరుతుంది. మన సంచికకు మరొక చిక్కు ఉన్నది. తెలుగు భాగం ఎడమనుండి, ఉర్దూ భాగం కుడినుండి మొదలై రెండూ నడుమ కలుసుకొంటవి. దీనిని ఒకే ఫైలుగా చేస్తే ఎవరో ఒకరు తమ భాగాన్ని చివరినుండి మొదటికి చదవవలసివస్తుంది. కాబట్టి ఒక్కొక్క సంచికకు రెండు ఫైళ్ళు చేసి, ఉర్దూ ఫైలులో ఉర్దూ ముఖపత్రానికి 001 అని, తెలుగు ఫైలులో తెలుగు ముఖపత్రానికి 001 అని పేర్లు పెట్టి, నడిమి పుటను రెండింటిలోను చేర్చవలెను.